నల్లకోటుకు తోడు ఇంకో పట్టా కావాలా?

లా సీటు వచ్చిన బార్కస్ పిల్లల ముందు ఇప్పుడు ఇంకో ప్రశ్న నిలబడింది. ఎల్ఎల్‌బీతో పాటే మరో డిగ్రీ కూడా చేద్దామా? బార్ కౌన్సిల్ రూలు ఏమంటోంది, ముందు నడిచినవాళ్ల బతుకులు ఏం చెబుతున్నాయి, ఈ బస్తీకి నిజంగా అక్కరకొచ్చే రెండో చదువు ఏది?

లాసెట్ ర్యాంకు వచ్చిన ఇంట్లో సంతోషం ఒక్క పూటే. సాయంత్రానికల్లా సలహాలు మొదలవుతాయి. జెడ్డా నుంచి చిన్నాన్న ఫోన్ చేసి లా ఒక్కటే చాలదు, ఎంబీఏ కూడా కలిపి చేయమంటాడు. మేనమామకు కంపెనీ సెక్రటరీ కోర్సు మీద గురి. ట్యూషన్ చెప్పిన సారు బీకాం వదలొద్దంటారు. పక్కింటి అన్న యూట్యూబ్‌లో చూసొచ్చి, ఇప్పుడు రెండు డిగ్రీలు ఒకేసారి చేయొచ్చని గవర్నమెంటే చెప్పిందని భరోసా ఇస్తాడు. పద్దెనిమిదేళ్ల పిల్లో పిల్లాడో ఈ మాటలన్నీ విని, కౌన్సెలింగ్ తేదీ దగ్గరపడేసరికి ఎటూ తేల్చుకోలేకపోతారు.

ఈ అయోమయం హైదరాబాద్ నగరంలో ఏ బస్తీలోనైనా ఉండేదే. బార్కస్‌లో మాత్రం దానికి వేళ్లు ఇంకాస్త లోతుగా ఉన్నాయి.

ఒక్క దారిని నమ్మని బస్తీ

చాంద్రాయణగుట్ట దాటితే వచ్చే ఈ బస్తీ బయటివాళ్లకు మండీ, హరీస్, రంజాన్ రాత్రులు, జామకాయల బుట్టలతోనే పరిచయం. ఇక్కడ పుట్టినవాళ్లకు తెలిసిన చరిత్ర వేరు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బు సిపాయిల వారసులు వీళ్లు. ఆ సైన్యంలో జమేదార్లుగా సంపాదించిన డబ్బుతో, పలుకుబడితో అల్ ఖుఐతీ కుటుంబం హద్రమౌత్‌లో ఏకంగా సుల్తానుల వంశంగా ఎదిగింది. ఆ పాలన 1967 దాకా సాగింది. ఇక్కడున్న సిపాయి కుటుంబాలకు మాత్రం 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతోనే కొలువు పోయింది.

తర్వాత చమురు డబ్బు దారి చూపింది. 1970ల నుంచి ఇంటికొకరు గల్ఫ్ విమానం ఎక్కారు. ఆ దారీ ఎల్లకాలం సాఫీగా సాగలేదు. 2011లో సౌదీ అరేబియా నితాఖత్ పేరుతో స్థానికులకు ఉద్యోగాల కోటా పెట్టింది. 2017 జులై నుంచి వెంట ఉన్న ప్రతి కుటుంబ సభ్యుడి మీదా నెలనెలా రుసుము వేసింది. జీతం అక్కడ, కుటుంబం ఇక్కడ అన్న పరిస్థితి మళ్లీ వచ్చింది. ఒక్క బతుకుదెరువును నమ్ముకుంటే ఏమవుతుందో రెండుసార్లు చూసిన ఇళ్లు ఇవి. అందుకే పిల్లాడు లా చదువుతానంటే ‘దాంతోపాటు ఇంకేం చదువుతావ్ బేటా’ అనే మాట పెద్దల నోట వస్తుంది. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యలేం. జవాబు మాత్రం ఆ భయంలో కాకుండా రూల్ పుస్తకంలోనూ, కోర్టు వరండాలోనూ, ఈ బస్తీ ఇనప్పెట్టెల్లో ఉన్న కాగితాల్లోనూ వెతకాలి.

ఐదేళ్ల కోర్సు అంటేనే రెండు పట్టాలు

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీ, బీబీఏ ఎల్ఎల్‌బీ, బీకాం ఎల్ఎల్‌బీ ఏదైనా సరే, అది అప్పటికే జంట డిగ్రీ. బార్ కౌన్సిల్ రూల్స్‌లో దాని పేరే ఇంటిగ్రేటెడ్ డబుల్ డిగ్రీ కోర్సు. బెంగళూరులో నేషనల్ లా స్కూల్ 1980ల చివర్లో ఈ ఐదేళ్ల పద్ధతికి ఊపిరి పోసింది. మన దగ్గర 1998లో నల్సార్ వచ్చింది. గాంధీనగర్‌లోని గుజరాత్ నేషనల్ లా యూనివర్సిటీ అయితే బీఎస్సీతోనూ, సోషల్ వర్క్ డిగ్రీతోనూ కలిపి ఎల్ఎల్‌బీ పెట్టింది. కాబట్టి బీకాం ఎల్ఎల్‌బీలో చేరిన పిల్లాడిని బయట మళ్లీ బీకాం చేయమనడంలో అర్థం లేదు.

డిగ్రీ అయ్యాక చేరే మూడేళ్ల ఎల్ఎల్‌బీ సంగతి వేరు. అక్కడ మొదటి పట్టా ముందే చేతిలో ఉంటుంది. ఎటు చూసినా లాయరుగా బయటికొచ్చేవాడి దగ్గర రెండు డిగ్రీలుంటాయి. ఇప్పుడు ఇళ్లలో నలుగుతున్నది మూడోదాని గురించి.

రూల్ 6 ఏమంటోంది

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన రూల్స్ ఆఫ్ లీగల్ ఎడ్యుకేషన్‌లో ఆరో రూలు సూటిగా ఉంటుంది. లా డిగ్రీ చదువుతున్న విద్యార్థి అదే యూనివర్సిటీలో గానీ వేరే చోట గానీ మరో డిగ్రీలో, పీజీలో, చివరికి సర్టిఫికెట్ కోర్సులో కూడా ఏకకాలంలో చేరకూడదు. ఒకే సంస్థ నడిపే ఇంటిగ్రేటెడ్ కోర్సుకు మినహాయింపు ఉంది. దాని కింద ఇంకో రెండు కిటికీలు తెరిచి ఉంచారు. భాష, కంప్యూటర్ సైన్స్, కంప్యూటర్ అప్లికేషన్లలో స్వల్పకాలిక పార్ట్‌టైమ్ సర్టిఫికెట్ కోర్సులు చేయొచ్చు. యూనివర్సిటీ దూరవిద్యా కేంద్రం నడిపే కోర్సు ఏదైనా చేయొచ్చు. ఈ వ్యాసానికి ఈ రెండు కిటికీలే ఆయువుపట్టు.

మరి పక్కింటి అన్న చెప్పింది అబద్ధమా? కాదు, సగం నిజం. 2022 ఏప్రిల్‌లో అప్పటి యూజీసీ ఛైర్మన్, మన నల్గొండ జిల్లాకు చెందిన మామిడాల జగదీశ్ కుమార్, ఒకేసారి రెండు కోర్సులు చదువుకోవచ్చని ప్రకటించారు. క్లాసుల వేళలు ఢీకొనకపోతే రెండూ రెగ్యులర్‌గానే చేయొచ్చు, లేదా ఒకటి రెగ్యులర్, ఇంకోటి దూరవిద్య లేక ఆన్‌లైన్. పేపర్లలో పతాక శీర్షికలుగా వచ్చింది ఈ భాగమే. వృత్తి కోర్సులకు ఆయా కౌన్సిళ్ల నిబంధనలు వర్తిస్తాయన్న వాక్యం కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. లా మీద ఆ అధికారం బార్ కౌన్సిల్‌ది. అది తన రూల్ 6 మార్చలేదు. పైగా 2024 సెప్టెంబరులో అన్ని లా కాలేజీలకూ సర్క్యులర్ పంపి, చివరి మార్కుల జాబితా, డిగ్రీ ఇచ్చే ముందు ప్రతి విద్యార్థీ ఏకకాలంలో వేరే రెగ్యులర్ కోర్సు చదవలేదని డిక్లరేషన్ ఇవ్వాలంది. ఉద్యోగం, హాజరు, క్రిమినల్ కేసుల వివరాలు కూడా అందులోనే రాయాలి. దాస్తే మార్కుల జాబితా, డిగ్రీ ఆపుతారు.

దీన్ని పిల్లలు చిన్న విషయంగా చూడకూడదు. లాయరు వృత్తి మొదలయ్యేది ప్రమాణంతో. చదువు ముగింపు కాగితం మీదే అబద్ధం సంతకం చేసి ఆ వృత్తిలోకి అడుగుపెట్టడం ఎంత తప్పో వేరే చెప్పనక్కర్లేదు.

కంపెనీ సెక్రటరీ (సీఎస్), చార్టర్డ్ అకౌంటెన్సీ (సీఏ) కోర్సుల గురించి ఇక్కడే చెప్పాలి. వాటిని నడిపే ఇన్‌స్టిట్యూట్లు యూనివర్సిటీ దూరవిద్యా కేంద్రాలు కావు. సీఏ ఆర్టికల్‌షిప్ రోజంతా ఆఫీసులో ఉండి చేసే పని, రెగ్యులర్ లా క్లాసులతో అది ఎలాగూ పొసగదు. సీఎస్ పరీక్షలకు ఇంట్లో చదువుకుంటే చాలు కాబట్టి ఏమీ కాదని సీనియర్లు చెప్పే మాట నమ్మి ఊరుకోకుండా, కాలేజీ ప్రిన్సిపాల్ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మేలు.

గంటలు ఎక్కడ ఉన్నాయి

రూల్ పక్కన పెట్టి గడియారం చూద్దాం. హాజరు డెబ్భై శాతం ఉండాలి. ఐదేళ్ల కోర్సులో మొత్తం ఇరవై వారాలు, మూడేళ్ల కోర్సులో పన్నెండు వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. మూట్ కోర్టు, లీగల్ ఎయిడ్ క్లినిక్, డ్రాఫ్టింగ్ రికార్డులు వీటికి అదనం. బార్కస్ నుంచి ఉస్మానియా క్యాంపస్‌కో బషీర్‌బాగ్ పీజీ లా కాలేజీకో పోయే విద్యార్థి చాంద్రాయణగుట్ట, చార్మినార్, అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్ ఈదుకుంటూ రోజూ పాత నగరాన్ని ఒక కొస నుంచి ఇంకో కొసకు దాటాలి. ఆ ప్రయాణంలోనే చదివే ఓపిక సగం ఖర్చవుతుంది. ఇక ఆడపిల్లలకు సాయంత్రం ఎన్నింటికి ఇల్లు చేరాలన్న లెక్క ఒకటి ఉంటుంది. అది బార్కస్‌లోనే కాదు, మనలో చాలా ఇళ్లలో ఉన్నదే. ఐదు తర్వాత సీనియర్ ఛాంబర్లో కూర్చుని ఫైలు చదివే అవకాశం ఆ లెక్క వల్ల ఎందరికో పోతోంది. మిగిలిన ఆ కాస్త సమయాన్నీ రెండో డిగ్రీ అసైన్‌మెంట్లకు ఇస్తే, కోర్టు చూడకుండానే లాయరైపోతారు.

జడ్జి కావాలనుకునేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. 2025 మే 20న సుప్రీంకోర్టు, సివిల్ జడ్జి పరీక్ష రాయడానికి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న పాత నిబంధనను తిరిగి తెచ్చింది. ఇంటర్ కాగానే ఐదేళ్ల కోర్సులో చేరితే పట్టా వచ్చేసరికి ఇరవై మూడు. మూడేళ్ల ప్రాక్టీసుతో ఇరవై ఆరు. మధ్యలో రెండేళ్ల ఎంబీఏ దూరిస్తే ఇరవై ఎనిమిది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన తండ్రి సంపాదన ఆగిపోయిన ఇంట్లో ఆ రెండేళ్లు చాలా బరువు.

డబ్బు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. 2007లో ముస్లింలలో వెనకబడిన వర్గాలకు బీసీ–ఇ కోటా ఇచ్చిన చట్టం, అరబ్బులను ఆ జాబితా నుంచి మినహాయించింది. సయ్యద్, పఠాన్, ఇరానీ, బోహ్రాలతో పాటు వాళ్లూ బయటే ఉన్నారు. అందుకని బార్కస్‌లోని చాలా అరబ్బు కుటుంబాల పిల్లలు ఓపెన్ కేటగిరీలోనో, ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే ఈడబ్ల్యూఎస్‌లోనో పోటీపడాలి. మొదటి కోర్సు ఫీజుకే వెతుకులాట తప్పని ఇంట్లో రెండో కోర్సు ఫీజు అంటే ఎవరిదో ఒకరి చదువు ఆగిపోవడమే. తరచూ ఆగేది చెల్లెలిది. నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఇది.

అంబేడ్కర్ రెండూ ఎలా చదివారు

రెండు చదువులు ఏకకాలంలో లాగిన వాళ్లలో మనకు బాగా తెలిసిన మనిషి అంబేడ్కర్. 1916లో లండన్ చేరి ఒకవైపు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆర్థికశాస్త్రం, మరోవైపు గ్రేస్ ఇన్‌లో బారిస్టరు చదువు మొదలుపెట్టారు. 1917లో బరోడా స్కాలర్‌షిప్ గడువు ముగిసి, రెండూ మధ్యలో వదిలి తిరిగి రావాల్సి వచ్చింది. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి జీతం కూడబెట్టి, కొంత సాహూ మహారాజు సాయంతో, కొంత స్నేహితుడి దగ్గర అప్పుతో 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1921లో ఎమ్మెస్సీ, 1922లో బారిస్టరు పట్టా, 1923లో డీఎస్సీ. ఆ మనిషికి మన ఉస్మానియా యూనివర్సిటీ 1953లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

ఈ కథ చెప్పి పిల్లల్ని ఉత్సాహపరచడం సులువు. దాన్ని దగ్గరగా చూడడమూ ముఖ్యమే. ఆనాటి గ్రేస్ ఇన్‌లో డెబ్భై శాతం హాజరు లేదు. టర్మ్‌కు ఇన్ని విందులకు హాజరై, పరీక్షలు పాసైతే చాలు. మిగతా సమయం లైబ్రరీలో గడిపే వీలు ఉంది కాబట్టే రెండూ సాధ్యమయ్యాయి. డబ్బు ఆగినప్పుడు అంతటి మేధావి చదువు కూడా ఆగిపోయిందన్నది మరీ ముఖ్యం. రూపాయి సమస్య మీద ఆయన రాసిన సిద్ధాంత వ్యాసం ఆ తర్వాత ఆయన ప్రజాజీవితంలోనూ పనికొచ్చింది. ఆ రెండు చదువులకూ మధ్య లంకె ఉంది.

మన తెలుగు న్యాయవాదుల్ని చూస్తే ఎక్కువమంది ఒకటి తర్వాత ఒకటి చదివినవాళ్లే. కె.బాలగోపాల్ వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీలో గణితంలో పీహెచ్‌డీ చేశారు. కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. పౌరహక్కుల పనిలో ఏళ్లు గడిచాక లా చదివి, 2009లో చనిపోయేదాకా హైకోర్టులో పేదల కేసులు వాదించారు. ఆయన వాదన నిర్మాణంలో గణితం కనబడుతుందని చదివినవాళ్లందరికీ తెలుసు. కె.జి.కన్నబిరాన్ ఆర్థికశాస్త్రం చదివి న్యాయవాది అయ్యారు. కల్పనా కన్నబిరాన్ సామాజికశాస్త్రాన్నీ న్యాయశాస్త్రాన్నీ కలిపి నల్సార్‌లో బోధించారు. మాడభూషి శ్రీధర్ జర్నలిజం నుంచి లా బోధనకు, అక్కడి నుంచి 2013లో కేంద్ర సమాచార కమిషనర్ పదవికి వెళ్లారు. వీళ్లెవరూ బయోడేటా బరువు కోసం పట్టాలు పేర్చుకోలేదు. చేస్తున్న పని అడిగినప్పుడు ఆ రెండో చదువు అందుకున్నారు.

బార్కస్ ఇనప్పెట్టె

ఇప్పుడు ఈ బస్తీ సంగతికి వద్దాం. ఇక్కడ లాయరు దగ్గరికి వచ్చే కాగితాలు ఎలా ఉంటాయో ఒకటి విప్పి చూద్దాం.

జెడ్డాలో ఉన్న కొడుకు బార్కస్‌లో ఇల్లు అమ్మే అధికారం తండ్రికి ఇవ్వాలనుకుంటాడు. అక్కడి భారత కాన్సులేట్‌లో జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) మీద సంతకం పెడతాడు. అధికారి ధ్రువీకరించి ముద్ర వేస్తాడు. కాగితం కొరియర్లో ఇక్కడికొస్తుంది. వచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలని స్టాంపు చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. ఇంట్లో ఎవరికీ అది తెలియదు, బీరువాలో పెట్టి కొనేవాడి కోసం చూస్తారు. తీరా రిజిస్ట్రేషన్‌కు వెళ్తే గడువు దాటింది. అది చక్కబడేలోపు ఇంకో చిక్కు. పాస్‌పోర్టులో పేరు మధ్య ‘బిన్’ ఉంది, ఆధార్‌లో లేదు. బావజీర్, బాజాబర్ లాంటి హద్రమీ వంశనామం ఒక కాగితంలో కలిపి, ఇంకో దాంట్లో విడదీసి, మూడో దాంట్లో అసలే లేకుండా ఉంటుంది. అరబ్బుల పేరు కట్టే పద్ధతి తెలిసిన లాయరు ఒక అఫిడవిట్‌తో తేల్చే పని, తెలియని లాయరు చేతిలో ఏడాది నడుస్తుంది.

గల్ఫ్ నుంచి వచ్చే మరణ ధ్రువపత్రం, విడాకుల పత్రం, కోర్టు ఉత్తర్వు ఇంకా క్లిష్టం. ఒక దేశపు కాగితాన్ని ఒకే ముద్రతో మరో దేశం ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో సౌదీ అరేబియా 2022 డిసెంబరు నుంచి ఉంది. ఒమన్, బహ్రెయిన్ అంతకుముందే చేరాయి. యూఏఈ, కువైట్, ఖతర్ కాగితాల దారి వేరు, అక్కడ ఎంబసీల చుట్టూ తిరగాలి. ఇక 2020 జనవరి 17న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద యూఏఈ కోర్టుల డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టు ఇచ్చిన డిక్రీలాగే అమలు చేయొచ్చని. దుబాయ్‌లో బ్యాంకు అప్పు తీర్చకుండా ఇంటికొచ్చిన మనిషి పాతబస్తీ ఇంటి మీదికి ఆ డిక్రీ రావచ్చు. అప్పుడు అతని లాయరు చూడాల్సింది అదే కోడ్‌లోని 13వ సెక్షన్. నోటీసు సరిగ్గా అందిందా, అతని వాదన విన్నారా, కేసు మంచిచెడ్డలు తేల్చాకే తీర్పు ఇచ్చారా? ఇవన్నీ ఆ అరబ్బీ తీర్పులోనే ఉంటాయి. ఎవరో చేసిన అనువాదం మీద ఆధారపడే లాయరుకూ, మూలం చదివి పట్టుకునే లాయరుకూ ఉన్న తేడా ఒక కుటుంబం నెత్తిన నీడ ఉండటమో పోవటమో.

బార్కస్ పిల్లలకు ఖురాన్ చదవడం చిన్నప్పుడే వస్తుంది. కోర్టు అరబ్బీ వేరే విద్య, దాన్ని నేర్చుకోవాలి. నేర్చుకునే చోటు ఈ నగరంలోనే ఉంది. ఉస్మానియాలో అరబ్బీ విభాగం, 1888లో పుట్టి ప్రాచీన అరబ్బీ రాతప్రతుల్ని అచ్చువేస్తూ వచ్చిన, ఇప్పుడు ఆ క్యాంపస్‌లోనే ఉన్న దాయిరతుల్ మఆరిఫ్, తార్నాకలోని ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ (ఇఫ్లూ)లో అరబ్బీ విభాగం. రూల్ 6 తెరిచి ఉంచిన కిటికీ సరిగ్గా ఇదే. భాషలో స్వల్పకాలిక పార్ట్‌టైమ్ సర్టిఫికెట్ కోర్సు.

అరబ్బీ పక్కనే ఉర్దూ. హైదరాబాద్ సంస్థానంలో కోర్టు భాష ఉర్దూ. ఆనాటి ముంతఖబ్‌లు (ఇనాం, వారసత్వ ఉత్తర్వులు), అమ్మకపు దస్తావేజులు, రెవెన్యూ రికార్డులు ఆ లిపిలోనే ఉన్నాయి. పాతబస్తీ భూముల తగాదాల్లో, వక్ఫ్ ఆస్తుల కేసుల్లో తేల్చేది అవే. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ ఇంగ్లిష్ మీడియంలో పెరిగిన ఈ తరం పిల్లల్లో చాలామందికి ఉర్దూ రాత, ముఖ్యంగా పాత షికస్తా చేతిరాత, కొరుకుడు పడదు. తాత చదివిన కాగితం మనవడు చదవలేకపోతే ఆ కాగితానికి బయట ఎవరో ధర చెబుతారు. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీకి దూరవిద్య విభాగం ఉంది. రెండో కిటికీ అటు తెరుచుకుంటుంది.

కుటుంబ చట్టం సంగతి చూడండి. విడాకులు పొందిన ముస్లిం మహిళకు సీఆర్‌పీసీ 125 కింద భరణం అడిగే హక్కు ఉందని 2024 జులై 10న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోదే. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులా మీద, భార్య అడిగే విడాకులకు భర్త సమ్మతి కోసం ఎదురుచూడక్కర్లేదని స్పష్టం చేసింది. పురానీ హవేలీలోని ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కే బార్కస్ ఆడబిడ్డకు ఈ తీర్పులు తెలిసిన, నిఖానామా చదవగలిగిన, తన భాషలో తన మాట వినే లాయరు కావాలి. ఆ లాయరు మహిళ అయితే మరీ మంచిది. మదరసాలో ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్రం) చదివిన అమ్మాయి ఎల్ఎల్‌బీ కూడా చేస్తే, ఆ రెండు చదువుల జోడీకి సాటివచ్చే ఎంబీఏ నాకు కనిపించడం లేదు.

మిగతా జోడీల గురించి నాలుగు మాటలు

సైన్స్ మీద ఇష్టం ఉన్నవాళ్లు ముందు బీఎస్సీయో బీటెక్కో చేసి మూడేళ్ల లాకు రావడం తెలివైన దారి. పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయాలంటే సైన్స్ లేదా ఇంజనీరింగ్ డిగ్రీ ఉండాలి. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఇలాంటివాళ్ల కోసమే మేధాసంపత్తి లా స్కూల్ పెట్టారు. ఎంబీఏ చేయాలంటే లా అయ్యాక నాలుగేళ్లు కంపెనీ ఫైళ్లు చూశాక చేయడం మేలు.

అమెరికాలో జేడీ–ఎంబీఏ చేస్తున్న బంధువుల్ని చూపించేవాళ్లకు ఒక మాట. అక్కడ లా మూడేళ్లు, ఎంబీఏ రెండేళ్లు. హార్వర్డ్ లాంటి చోట కలిపి చేస్తే నాలుగేళ్లు. ఒక కోర్సు క్రెడిట్లు ఇంకో కోర్సులో లెక్కలోకి వస్తాయి కాబట్టి ఏడాది మిగులుతుంది. జంట డిగ్రీకి అసలు పరీక్ష ఇదే. కలిపితే కాలం తగ్గాలి. మన దగ్గర ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు ఆ పరీక్ష నెగ్గుతుంది. బయట విడిగా కట్టే ఫీజులు నెగ్గవు.

పట్టాలు రెండున్నా వృత్తులు రెండు చేయలేమన్నది కూడా గుర్తుండాలి. వైద్యం చేస్తూనే న్యాయవాదిగా నమోదు కావాలనుకున్న డాక్టర్ హనీరాజ్ చులానీకి 1996లో సుప్రీంకోర్టు కుదరదని చెప్పింది. వకాలత్ మనిషి మొత్తం సమయాన్ని అడుగుతుంది.

చేరేముందే చూసుకోవాల్సిన గొయ్యి

ఇది ముఖ్యంగా చదువు మధ్యలో ఆగిపోయిన అమ్మాయిల కోసం. మన రాష్ట్రంలో అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982లో పుట్టింది, దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఎందరి జీవితాల్లోనో దీపం పెట్టింది. అయితే ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవాళ్లను లా కోర్సుకు బార్ కౌన్సిల్ అర్హులుగా ఒప్పుకోదు. రూల్ 5 వివరణలో ఆ మాట ఉంది. పెళ్లయ్యాకో, పిల్లలు పుట్టాకో ఓపెన్ డిగ్రీ కట్టి, తర్వాత లాసెట్ రాద్దామనుకునే అక్కాచెల్లెళ్లు ముందు ఓపెన్ స్కూల్ ద్వారా పది, ఇంటర్ పూర్తి చేసుకుని అప్పుడు డిగ్రీకి వెళ్లాలి. వరస తప్పితే మూడేళ్ల కష్టం లా వరకూ చేరదు. ఇంకొకటి, ఎల్ఎల్‌బీని దూరవిద్యలో ఇస్తామనే ప్రకటన ఎక్కడ కనబడినా నమ్మకండి. న్యాయవాదిగా నమోదు కావాలంటే రెగ్యులర్ క్లాసు తప్పదు.

నా మాట

లా చదివే ఐదేళ్లలో, మూడేళ్లలో ఇంకో రెగ్యులర్ డిగ్రీ వద్దు. రూలు ఒప్పుకోదు, రోజుకున్న గంటలు సరిపోవు, ఇంటి డబ్బు తట్టుకోదు. ఆ చోట అరబ్బీ, ఉర్దూ నేర్చుకోండి. తెలుగు చదవడం రాయడం కూడా పట్టుపట్టి నేర్చుకోండి, ఎందుకంటే పోలీస్ స్టేషన్ ఎఫ్ఐఆర్, తహసీల్దార్ ఆఫీసు కాగితం తెలుగులోనే వస్తాయి. ఇంగ్లిష్‌తో కలిపి ఈ నాలుగు భాషలూ చదవగలిగే యువ లాయరుకు పాతబస్తీలో పని లేకపోవడమనేది ఉండదు. హైకోర్టు కొత్త భవనానికి 2024 మార్చిలో రాజేంద్రనగర్‌లో శంకుస్థాపన జరిగింది. ఇవాళ లాసెట్ రాసే పిల్లలు సీనియర్లయ్యేనాటికి నగర న్యాయవ్యవస్థ కేంద్రమే అటువైపు జరగొచ్చు. అక్కడ ఈ బస్తీ పిల్లలు వాదిస్తూ కనబడాలని నా కోరిక.

అమ్మానాన్నలకు ఒక మనవి. రెండో కోర్సు ఫీజు కట్టే ముందు రెండు పనులు చేయండి. పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక ఉదయం పురానీ హవేలీ కోర్టులకు వెళ్లి మధ్యాహ్నం దాకా కూర్చోండి. తర్వాత ఆ రెండో కోర్సు పేరు, దాన్ని నడిపే సంస్థ పేరు రాసి, రూల్ 6 ప్రకారం అనుమతి ఉందో లేదో చెప్పమని లా కాలేజీ ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు పెట్టండి. సంతకంతో జవాబు చేతికొచ్చేదాకా రూపాయి కట్టకండి.